ఉక్రెయిన్ జాతీయవాదం: జాతి, మత పటాలు

ఉక్రెయిన్ జాతి, మత పటాలు అంటే భాష, మతం, వంశమూలాల లెక్కలను బట్టి ఉక్రేనియన్లు ఎక్కడెక్కడ నివసిస్తున్నారో చూపడానికి, అలా చూపిన మేరకు ఆ నేల తమదని వాదించడానికి 19వ శతాబ్ది మధ్య నుంచి తయారైన పటాలు. ఇవి పుట్టిన నాటికి ఆ పేరుతో రాజ్యం లేదు. కొసాక్కుల హెట్మన్ పాలన 18వ శతాబ్దిలోనే రద్దయింది. జనంలో ఎక్కువ భాగం రష్యా జారు కింద, మిగిలినవారు ఆస్ట్రియా చక్రవర్తి కింద ఉండేవారు. పాత కిరీటాలను, ఒప్పంద పత్రాలను చూపి హద్దులు అడిగే వీలు పోలిష్, హంగేరియన్ జాతీయవాదులకు ఉండేది. ఉక్రేనియన్ మేధావుల దగ్గర ఉన్నది రైతు జనం ఒక్కటే. ఏ ఊళ్ళో ఏ మాట మాట్లాడతారు, ఏ గుడిలో పెళ్ళిళ్ళు జరుగుతాయి అన్న లెక్కే వారికి దస్తావేజు అయింది.

ఈ పటాలను చదివేటప్పుడు హద్దుల కన్నా ముందు కొలబద్దను చూడాలి. ఆస్ట్రియా కింద ఉన్న గలీషియాలో మతాన్ని బట్టి జాతిని తేల్చారు. పోలండ్ అంచున, జారు కింద ఉన్న ఖోల్మ్ ప్రాంతంలో మతాన్ని పక్కనపెట్టి భాషను పట్టుకున్నారు. కాకసస్ కొండలకు ఉత్తరాన ఉన్న కుబాన్‌కు వచ్చేసరికి తాతలు ఎక్కడి నుంచి వచ్చారన్న ప్రశ్నా కలిసింది. ఎక్కడ ఏ కొలతతో తమ రంగు ఎక్కువ దూరం వ్యాపిస్తుందో అక్కడ ఆ కొలత వాడారు. పోటీ పటాలు గీసిన పోలిష్, రష్యన్, హంగేరియన్ భూగోళవేత్తలు చేసింది కూడా ఇదే. వారి వెనుక ప్రభుత్వాలు, ముద్రణాలయాలు, గణాంక శాఖలు కూడా ఉండేవి.

సామ్రాజ్యాలు గీసిన తొలి పటాలు

ఉక్రేనియన్ల విస్తీర్ణం పటానికి ఎక్కడం వారి చేతుల మీదుగా మొదలు కాలేదు. ప్రాగ్‌లో ఉన్న స్లొవాక్ పండితుడు పావెల్ యోజెఫ్ షఫారిక్ 1842లో స్లావ్ జాతులన్నిటినీ చూపే భాషాపటం ప్రకటించాడు. అందులో మాలొరష్యన్ మాట (ఆ రోజుల్లో ఉక్రేనియన్‌కు అధికారిక పేరు అదే) ద్నీపర్ నది నుంచి కార్పాతియన్ కొండల అవతలి దాకా ఒకే భాషగా, సామ్రాజ్యాల సరిహద్దును ఖాతరు చేయకుండా సాగింది. ఆస్ట్రియా గణాంకాధికారి కార్ల్ ఫాన్ చెర్నిగ్ 1855లో తన సామ్రాజ్యపు జాతిపటం వెలువరించాడు. గలీషియా తూర్పు భాగం, బుకోవినా ఉత్తర భాగం, హంగేరీ ఈశాన్య మూల అందులో రుథేనియన్ల (ఆస్ట్రియాలో ఉక్రేనియన్లకు పేరు అదే) రంగులో కనిపిస్తాయి. ఈ రెండు పటాలనూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, తర్వాతి తరం వారికి తమ దేశపు ఆకారం తట్టడానికి.

రష్యాలో పటాల వెనుక కారణం వేరు. 1863లో పోలిష్ ప్రభువర్గం తిరగబడింది. కీవ్, వొలీన్, పొదోలియా గుబెర్నియాల్లో (జారు పాలనా మండలాల్లో) భూస్వాములు ఎక్కువమంది పోలిష్ కాథలిక్కులు, రైతులు ఆర్థడాక్స్ వారు. ఈ నేల పోలండ్‌ది కాదని నిరూపించాలని సెయింట్ పీటర్స్‌బర్గ్ తలచింది. ఆర్థడాక్స్ గుళ్ళ నిర్మాణం చూసే అధికారి పొంపేయి బత్యుష్‌కోవ్ పర్యవేక్షణలో, సైనికాధికారి అలెగ్జాండర్ రిట్టిఖ్ పశ్చిమ గుబెర్నియాల జనాభాను మతాల వారీగా చూపే అట్లాసు తయారు చేశాడు. ఆర్థడాక్స్ అయితే రష్యన్, కాథలిక్కు అయితే పోలిష్ అన్నది దాని అంతరార్థం. మత పటం జాతి పటంగా పనిచేయడం ఇక్కడ స్పష్టంగా మొదలైంది. ఉక్రేనియన్ అనే మూడో గడి అందులో లేదు.

ఆ గడిని తెరిచినవాడు పావ్లో చుబిన్‌స్కీ (1839-1884). నేటి ఉక్రెయిన్ జాతీయగీతం పదాలు ఇతనివే. 1862లో అవి రాసిన వెంటనే ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతానికి ప్రవాసం పంపారు. తిరిగివచ్చాక, రష్యా సామ్రాజ్య భూగోళ సంఘం ఖర్చుతోనే 1869-70లో నైరుతి ప్రాంతపు జనాభా, ఆచారాల సర్వేకు నాయకత్వం వహించాడు. పోలిష్ పలుకుబడి ఎంతో తెలుసుకోవాలన్నది ప్రభుత్వం ఆశ. చుబిన్‌స్కీ బృందం దానికి జవాబు ఇస్తూనే మరో విషయమూ తేల్చింది. కాథలిక్కులుగా నమోదైనవారిలో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఉక్రేనియన్, కాబట్టి వారిని పోలిష్ లెక్కలో వేయడం తప్పు. 1872-78 మధ్య వెలువడిన ఏడు సంపుటాల్లో కాథలిక్కుల పటం, యూదుల పటం, కోస్త్యంతిన్ మిఖల్‌చుక్ గీసిన మాండలికాల పటం ఉన్నాయి. మతం అడ్డు వచ్చిన చోట భాషను ముందుకు తేవడం అనే ఎత్తు ఇక్కడి నుంచే తర్వాతి వారందరికీ దొరికింది.

సర్కారుకు విషయం అర్థమవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1876 ఎమ్స్ ఉత్తర్వుతో ఉక్రేనియన్ ముద్రణను నిషేధించారు, భూగోళ సంఘం కీవ్ శాఖను మూసేశారు. చుబిన్‌స్కీ గీతంలోని ఒక చరణం స్యాన్ నది నుంచి డాన్ నది దాకా హద్దులు చెబుతుంది. పాట కట్టినవాడే కొన్నేళ్ళ తర్వాత సర్వే కూడా చేశాడు. ఆ పాటకు బాణీ కట్టిన మిఖైలో వెర్బిత్‌స్కీ సరిహద్దుకు అవతల ఆస్ట్రియాలో ఉన్న గ్రీక్ కాథలిక్ పూజారి. 2003 చట్టం మొదటి చరణాన్ని, పల్లవిని మాత్రమే అధికారిక గీతంగా ఉంచింది. నదులున్న చరణం అందులో లేదు.

గలీషియా: మతమే జాతి గుర్తు

1596 బ్రెస్ట్ ఐక్యతతో రోమ్ పోప్‌ను అంగీకరించి, తూర్పు పద్ధతి పూజావిధానాన్ని, పెళ్ళాడే పూజారులను అట్టే ఉంచుకున్న క్రైస్తవులే గ్రీక్ కాథలిక్కులు. రష్యా తన పాలనలోని ఈ సంఘాన్ని 1839లో, ఖోల్మ్‌లో 1875లో ఆర్థడాక్స్‌లో కలిపేసింది. ఆస్ట్రియాలో మాత్రం అది నిలిచింది. అందువల్ల గలీషియాలో లెక్క తేలిక: రోమన్ కాథలిక్ గుడికి వెళ్ళేవాడు పోలిష్, గ్రీక్ కాథలిక్ గుడికి వెళ్ళేవాడు ఉక్రేనియన్. ఆ చర్చి ఏటా అచ్చువేసే పారిష్ జాబితాల్లో ఊరూరా విశ్వాసుల సంఖ్య ఉండేది. జాతీయవాదులకు సొంత గణాంక శాఖ లేని లోటు ఇవే తీర్చాయి.

భాషాలెక్క అంత అనుకూలంగా ఉండేది కాదు. 1910 ఆస్ట్రియా జనగణన నిత్యవ్యవహార భాష అడిగింది. యిడ్డిష్‌కు జాబితాలో చోటు లేకపోవడంతో యూదుల్లో ఎక్కువమంది పోలిష్ ఖాతాలో పడ్డారు. ఫలితం: భాష ప్రకారం గలీషియాలో పోలిష్ వారు సుమారు 58 శాతం, రుథేనియన్లు 40 శాతం. మతం ప్రకారం రోమన్ కాథలిక్కులు 46, గ్రీక్ కాథలిక్కులు 42, యూదులు 11 శాతం. ఒకే జనం, ఒకే సంవత్సరం, ఒకే ప్రశ్నపత్రం. పోలిష్ పటకర్త మొదటి వరస అంకెలు తీసుకున్నాడు, ఉక్రేనియన్ పటకర్త రెండో వరస తీసుకున్నాడు.

1896లో ల్వీవ్‌లోని ప్రోస్విత సంఘం హ్రిహోరి వెలిచ్కో గీసిన జనపటాన్ని అచ్చువేసింది. రెండు సామ్రాజ్యాల్లోని ఉక్రేనియన్లను ఒకే కాగితం మీద చూపిన తొలి పెద్ద ఉక్రేనియన్ పటాల్లో ఇదొకటి. ప్రోస్విత పల్లెల్లో పఠనమందిరాలు నడిపే సంఘం. పండితుల అలమారాల్లో ఉండే వస్తువు రైతులు కూర్చునే గదికి చేరే దారి అలా ఏర్పడింది. అప్పటి వరకు తన ఊరు, తన గుడి, పక్క సంత తప్ప తెలియని మనిషికి కుబాన్‌లో ఉన్నవాడు తనవాడని చెప్పడానికి ఉపన్యాసం కన్నా ఈ రంగు పటం ఎక్కువ పనికివచ్చింది.

స్తెపాన్ రుద్నిత్‌స్కీ

ఉక్రెయిన్‌ను భౌగోళికంగా ఒకే దేశంగా నిర్వచించిన శాస్త్రవేత్త స్తెపాన్ రుద్నిత్‌స్కీ (1877-1937). ప్షెమిసిల్‌లో పుట్టాడు, ల్వీవ్‌లోనూ వియన్నాలోనూ చదివాడు, ల్వీవ్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. అదే విశ్వవిద్యాలయంలో పోలండ్ పటాల పితామహుడు యూగెనియుష్ రోమెర్ ఆచార్యుడు. ఇద్దరూ జర్మన్ భూగోళశాస్త్ర సంప్రదాయంలో తయారైనవారే. రోమెర్‌కు గలీషియా అంతా పోలండ్ సహజ భాగం. రుద్నిత్‌స్కీకి అందులో తూర్పు భాగం ఉక్రెయిన్ పడమటి వాకిలి. ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే శాస్త్రపు పరిభాషలో, ఒకదానికొకటి పొసగని రెండు దేశాలు తయారయ్యాయి.

1910, 1914 సంవత్సరాల్లో రెండు భాగాలుగా వచ్చిన అతని సంక్షిప్త ఉక్రెయిన్ భూగోళం ఉక్రేనియన్‌లో ఆ తరహా తొలి గ్రంథం. 1916లో జర్మన్‌లో వచ్చిన 'ఉక్రెయిన్: దేశం, ప్రజలు' 1918లో న్యూయార్క్‌లో ఇంగ్లీషులో వెలువడింది. ఈ సమయం యాదృచ్ఛికం కాదు. రష్యాను బలహీనపరచే ఏ ఉద్యమమైనా యుద్ధకాలపు వియన్నాకు, బెర్లిన్‌కు ఇష్టమే. 1914లో ఏర్పడిన ఉక్రెయిన్ విమోచన సంఘం వియన్నా నుంచి కరపత్రాలు, పటాలు అనేక భాషల్లో పంచింది. రుద్నిత్‌స్కీ రచనలు ఆ ప్రవాహంలోనే విదేశీ పాఠకులకు చేరాయి.

అతని పద్ధతిలో మూడు పొరలు ఉన్నాయి. మొదటిది నేల: నల్లసముద్రానికి పారే నదులు, స్టెప్పీ మైదానం, కార్పాతియన్, కాకసస్ కొండలు కలిసి ఒకే సహజ విభాగం అన్న వాదం. రెండోది భాష. మూడోది నేడు చదివితే ఇబ్బంది పెట్టే శరీర కొలతల పొర. మానవశాస్త్రజ్ఞుడు ఫేదిర్ వోవ్క్ సేకరించిన ఎత్తు, తల ఆకారం, జుట్టు రంగు లెక్కల ఆధారంగా ఉక్రేనియన్లు రష్యన్లకూ పోల్‌లకూ కాక దక్షిణ స్లావులకు దగ్గరవారని రుద్నిత్‌స్కీ చెప్పాడు. 1920ల తొలినాళ్ళలో జాతీయవాద పునాదుల మీద రాసిన పుస్తకంలో జాతి ఆరోగ్యం, సంతానశుద్ధి గురించి మాట్లాడాడు. అప్పటి యూరప్ విశ్వవిద్యాలయాల్లో ఇది వింత కాదు. అతని శిష్యులు, అనుయాయులు ఈ పొరను మాత్రం భద్రంగా దాచుకోవడం గమనించదగ్గది.

మతానికి ఈ పటాల్లో చోటు లేదు. కారణం సులువు. ఉక్రేనియన్లలో అత్యధికులు ఆర్థడాక్స్, గలీషియా వారు గ్రీక్ కాథలిక్కులు. మతం చూపితే దేశం రెండుగా చీలి కనిపిస్తుంది. పైగా తూర్పున ఆర్థడాక్స్ రంగు రష్యాతో కలిసిపోతుంది. పోలిష్ వారితో పోటీలో ఆయుధంగా పనికివచ్చిన మతం, రష్యాతో పోటీలో బరువయింది. అందుకని రుద్నిత్‌స్కీ జనపటం స్యాన్ నుంచి కుబాన్ దాటి కాకసస్ పాదాల దాకా ఒకే రంగులో సాగుతుంది.

ఆ ఒకే రంగు మరో విషయాన్ని కూడా కప్పుతుంది. 1897 రష్యా జనగణనలో మాలొరష్యన్ మాతృభాషగా చెప్పినవారు 2.24 కోట్లు. వారిలో అత్యధికులు పల్లెవాసులు. అదే జనగణన ప్రకారం కీవ్ నగరంలో వారు 22 శాతమే, ఒడెసాలో 9 శాతం. నగరాల్లో రష్యన్, యిడ్డిష్ వినిపించేవి. విస్తీర్ణానికి రంగు పూసే పటంలో నగరం ఒక చుక్క, పల్లె పొలం మైళ్ళ కొద్దీ రంగు. యూదులు జనాభాలో గణనీయమైన భాగమే అయినా పట్టణాల్లో చెదరి ఉండడం వల్ల ఇలాంటి పటంలో దాదాపు మాయమవుతారు. హంగేరియన్ భూగోళవేత్త పాల్ తెలెకి 1919లో ఇదే తర్కాన్ని తలకిందులు చేశాడు. జనసాంద్రత తక్కువ చోట్లను తెల్లగా వదిలి, తన జాతి నగరాలను ఎర్రగా నింపాడు. ఉక్రేనియన్ పటకర్తలకు విస్తీర్ణం లాభం, తెలెకికి సాంద్రత లాభం.

1926లో రుద్నిత్‌స్కీ ప్రవాసం వదిలి సోవియట్ ఉక్రెయిన్ రాజధాని ఖార్కివ్ చేరాడు. అప్పుడు అక్కడ ఉక్రేనియనీకరణ విధానం జోరుగా ఉంది. మరుసటి ఏడు భూగోళ, పటలేఖన పరిశోధన సంస్థ స్థాపించాడు. 1933లో అరెస్టయ్యాడు. 1937 నవంబర్ 3న సాందర్మొఖ్ అడవిలో కాల్చి చంపారు.

ఖోల్మ్, పారిస్

జారు పాలన కూలాక, 1917 నవంబర్‌లో కీవ్‌లోని కేంద్ర రాదా అనే ప్రతినిధి సభ తన మూడో ప్రకటనలో తొమ్మిది గుబెర్నియాలను ఉక్రెయిన్‌గా పేర్కొంది. క్రిమియాను మినహాయించింది. కుర్స్క్, వొరోనెజ్, ఖోల్మ్ ప్రాంతాల విషయం ప్రజల ఇష్టప్రకారం తర్వాత తేలుస్తామంది. పటం మొదటిసారి ప్రభుత్వ పత్రంగా మారిన సందర్భం ఇదే. క్రిమియాను వదలడం ఆ లెక్క నిజాయతీగానే జరిగిందనడానికి ఒక ఆధారం.

ఖోల్మ్‌లో మతం ఎలా జారిపోతుందో తెలుస్తుంది. అక్కడి గ్రీక్ కాథలిక్కులను 1875లో బలవంతంగా ఆర్థడాక్స్ చేశారు. 1905లో మతస్వేచ్ఛ ఉత్తర్వు రాగానే లక్షకు పైగా జనం రోమన్ కాథలిక్కులయ్యారు, గ్రీక్ కాథలిక్కులుగా మారే వీలు చట్టంలో లేదు కనుక. తాత గ్రీక్ కాథలిక్, తండ్రి ఆర్థడాక్స్, కొడుకు రోమన్ కాథలిక్; ముగ్గురూ అదే ఇంట్లో అదే మాట మాట్లాడారు. గుడిని బట్టి చూస్తే కొడుకు పోలిష్, మాటను బట్టి చూస్తే ఉక్రేనియన్. 1918 ఫిబ్రవరి 9న బ్రెస్ట్-లితొవ్‌స్క్ ఒప్పందంలో జర్మనీ, ఆస్ట్రియా ఖోల్మ్‌ను ఉక్రెయిన్‌కు ఒప్పుకున్నాయి. పోలిష్ జనం సమ్మెలకు దిగారు. కొన్ని నెలల్లోనే ఆ ఒప్పందం కాగితంగా మిగిలింది.

పారిస్ శాంతి సభకు ఉక్రేనియన్ ప్రతినిధి బృందం ఫ్రెంచ్‌లో వినతిపత్రాలు, పటాలు పట్టుకెళ్ళింది. ఇప్పుడు క్రిమియా, కుబాన్ కూడా వాటిలో చేరాయి. రోమెర్ 1916 నాటి తన పోలండ్ అట్లాసుతో అక్కడే ఉన్నాడు. మిత్రరాజ్యాల అధికారుల చేతిలో పడ్డ పటాల్లో ఎవరి రంగు ఎక్కడ ఆగుతుందో ఏ రెండూ ఒప్పుకోవు. చివరికి తేల్చింది సైన్యమే. 1923 మార్చి 14న రాయబారుల సభ తూర్పు గలీషియాపై పోలండ్ అధికారాన్ని గుర్తించింది.

పోలండ్ లెక్కలు, కుబియోవిచ్ దిద్దుబాట్లు

1931 పోలండ్ జనగణన జాతి అడగలేదు. మాతృభాష, మతం అడిగింది. ఉక్రేనియన్, రుథేనియన్ అని ఒకే భాషను రెండు గడులుగా విడగొట్టింది. మొదటి దానిలో 32 లక్షలు, రెండో దానిలో 12 లక్షలు తేలారు. పొలేసియా చిత్తడి నేలల్లో ఏడు లక్షలకు పైగా జనం 'ఇక్కడివాళ్ళం' అన్నట్టు నమోదయ్యారు. కార్పాతియన్ లెమ్కోలను ఉక్రేనియన్ల నుంచి వేరు చేసే ప్రయత్నానికి పోలండ్ ఊతమిచ్చింది. 1934లో వాటికన్ వారికి వేరే పాలనా విభాగం ఏర్పరచింది. 1938 వేసవిలో ఖోల్మ్ ప్రాంతంలో వందకు పైగా ఆర్థడాక్స్ గుళ్ళను ప్రభుత్వమే కూలగొట్టించింది. ఉక్రేనియన్ పటకర్తల అనుమానాలు ఊరికే పుట్టినవి కావనడానికి ఇది చాలు.

ఈ లెక్కలను ఊరూరా సవాలు చేసినవాడు వొలొదిమిర్ కుబియోవిచ్ (1900-1985). తండ్రి ఉక్రేనియన్, తల్లి పోలిష్. క్రాకోవ్ విశ్వవిద్యాలయంలో బోధించేవాడు. 1939లో అధికారులు ఆ హక్కు తీసేశారు. 1937లో షెవ్‌చెంకో శాస్త్ర సంఘం తరఫున ల్వీవ్‌లో ఇతను సంపాదకత్వం వహించిన 'ఉక్రెయిన్, పొరుగు దేశాల అట్లాసు' వచ్చింది. జాతుల నిష్పత్తి, జనసాంద్రత, పంటలు, పరిశ్రమలు ఒకే చట్రంలో చూపిన పని అది. లేని దేశానికి ఇంత నిండైన అట్లాసు గీయడం యూరప్‌లో అరుదు. దాని సాంకేతిక నాణ్యతను ప్రత్యర్థులు కూడా కాదనలేదు.

అతని ముఖ్యమైన వర్గీకరణ లతీన్నికి అనే గుంపు. రోమన్ కాథలిక్ గుడికి వెళ్ళి ఇంట్లో ఉక్రేనియన్ మాట్లాడే పల్లె జనం వీరు. పోలిష్ పటం వీరిని మతం బట్టి పోలిష్ అంటుంది. కుబియోవిచ్ వేరే వరసలో పెట్టి, పోలిష్ మొత్తం నుంచి తీసేశాడు. భాష, మతం అడ్డదిడ్డంగా ఉన్నచోట మూడో గడి ఉంచడం శాస్త్రీయంగా మేలే. అయితే గ్రీక్ కాథలిక్ అయి పోలిష్ మాట్లాడే పట్టణవాసులు కూడా ఉండేవారు. వారికి మాత్రం ఇలాంటి వేరే గడి రాలేదు. వారు గుడిని బట్టి ఉక్రేనియన్లుగానే ఉన్నారు. ఒక చోట భాష గెలిచింది, ఒక చోట గుడి గెలిచింది. రెండు చోట్లా లాభం ఒకే వైపు.

ఇంతవరకు ఇది పండితుల తగాదా. యుద్ధం వచ్చాక మారిపోయింది. జర్మన్ ఆక్రమణ కింద కుబియోవిచ్ క్రాకోవ్‌లో ఉక్రేనియన్ కేంద్ర సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1940లో ఖోల్మ్ పెద్ద గుడి ఆర్థడాక్స్ వారికి తిరిగి దక్కింది. 1941 ఏప్రిల్‌లో అతను గవర్నర్ జనరల్ హాన్స్ ఫ్రాంక్‌ను పోల్‌లు, యూదులు లేని ఉక్రేనియన్ ప్రాంతం ఒకటి ఏర్పరచమని కోరాడు. 1943లో ఎస్‌ఎస్ గలీషియా డివిజన్ ఏర్పాటులో ముఖ్యపాత్ర వహించాడు. పటంలో మిశ్రమంగా ఉన్న రంగును శుద్ధి చేయాలన్న కోరిక అట్లాసులో దాగి ఉండవచ్చు, ఆ అర్జీలో బాహాటంగా ఉంది. అతన్ని గొప్ప భూగోళవేత్తగా మాత్రమే పరిచయం చేసే వ్యాసాలు ఈ పేజీని తిప్పేస్తుంటాయి.

అదే 1943లో వొలీన్‌లో జాతీయవాదుల ఉక్రేనియన్ తిరుగుబాటు సైన్యం పోలిష్ ఊళ్ళ మీద పడింది. జూలై 11 ఆదివారం రోమన్ కాథలిక్ గుళ్ళలో పూజకు చేరినవారిని చంపారు. వొలీన్‌లోనే మృతులు 40 నుంచి 60 వేలని చరిత్రకారుల అంచనా. పోలిష్ దళాల ప్రతీకారంలో వేల మంది ఉక్రేనియన్లు చనిపోయారు. ఈ దాడులకు అట్లాసు కారణం అనడం అతిశయోక్తి. మనిషి వెళ్ళే గుడి అతని జాతికి తిరుగులేని గుర్తు అన్న ఆలోచన మాత్రం రెంటికీ ఉమ్మడి. ఆ పాటికే నాజీలు యూదులను దాదాపు తుడిచిపెట్టారు. 1944-46లో సుమారు 4.8 లక్షల ఉక్రేనియన్లను పోలండ్ నుంచి, అంతకన్నా చాలా ఎక్కువమంది పోల్‌లను సోవియట్ ఉక్రెయిన్ నుంచి తరలించారు. 1947లో పోలండ్‌లో మిగిలిన 1.4 లక్షల మందిని ఉత్తర, పశ్చిమ జిల్లాలకు చెదరగొట్టారు. కుబియోవిచ్ 1939 జనవరి 1 నాటి గలీషియా జాతుల లెక్కను ఊళ్ళ వారీగా పుస్తకంగా 1983లో ప్రచురించాడు. అందులో చూపిన గలీషియా అప్పటికి నలభై ఏళ్ళుగా లేదు.

ఫ్రాన్స్‌లోని సార్సెల్‌లో స్థిరపడి అతను నడిపిన ఉక్రెయిన్ విజ్ఞాన సర్వస్వం, తర్వాత టొరంటోలో 1984-93 మధ్య ఇంగ్లీషులో అయిదు సంపుటాలుగా వచ్చింది. ప్రవాస ఉక్రేనియన్లకు, పాశ్చాత్య గ్రంథాలయాలకు ఉక్రెయిన్ ఆకారం తెలిసింది ఎక్కువగా ఈ సంపుటాల వల్లే.

సోవియట్ చేతిలో అదే గీత

1926 సోవియట్ జనగణన జాతిని నేరుగా అడిగింది. ఉక్రెయిన్ గణతంత్రంలో 80 శాతం, రష్యా గణతంత్రంలో 78 లక్షల మంది ఉక్రేనియన్లుగా చెప్పుకున్నారు. కుబాన్ ఒక్రుగ్‌లో (జిల్లాలో) వారు 61 శాతం. 1792 తర్వాత అక్కడికి తరలివెళ్ళిన నల్లసముద్ర కొసాక్కుల సంతతే ఇందులో ప్రధానం. మాటలో ఉక్రేనియన్‌తనం ఉన్నా తమను కుబాన్ కొసాక్కులుగానే భావించుకున్నవారు అనేకులు. ఆ లెక్కతో ఖార్కివ్ నాయకత్వం రష్యా నుంచి మరిన్ని జిల్లాలు అడిగింది. జనగణనకు ముందు జరిగిన హద్దుల సర్దుబాటులో పుతీవ్ల్ వంటి కొద్ది ముక్కలు దక్కాయి, తగన్‌రోగ్ పోయింది. 1932 డిసెంబర్ 14 తీర్మానంతో కుబాన్‌లో ఉక్రేనియన్ బడులు, పత్రికలు మూతపడ్డాయి. కరవు, ఊళ్ళకు ఊళ్ళ బహిష్కరణ వచ్చిపడ్డాయి. 1939 జనగణనలో, పరిధులు కొంత మారినా, క్రాస్నొదార్ ప్రాంతంలో ఉక్రేనియన్లు 5 శాతం లోపే.

మత పటం సోవియట్ కాలంలో అచ్చు కాలేదు. 1937 జనగణన మతం అడిగింది, ఆ ఫలితాలను తొక్కిపెట్టారు. 1946లో గ్రీక్ కాథలిక్ సంఘాన్నే రద్దుచేసి ఆర్థడాక్స్‌లో కలిపారు. ఇంకోపక్క స్టాలిన్ 1939లో పోలండ్ నుంచి, 1940లో రుమేనియా నుంచి, 1945లో చెకొస్లొవాకియా నుంచి తీసుకున్న భూభాగాలను ఉక్రెయిన్‌లో చేర్చాడు. రుద్నిత్‌స్కీని చంపించిన ప్రభుత్వమే అతని పటంలో పడమటి సగాన్ని నిజం చేసింది. 1991 డిసెంబర్ 1న స్వాతంత్ర్యం కోసం ఓటేసిన 90 శాతం మంది ఈ పాలనా హద్దుల లోపలివారు. నేటి ఉక్రెయిన్ సరిహద్దుకు చట్టపరమైన ఆధారం ఆ హద్దులే కానీ జాతిపటం కాదు.

స్వాతంత్ర్యం తర్వాత

2001 జనగణన జాతి, మాతృభాష అడిగింది, మతం అడగలేదు. ఉక్రేనియన్లు 77.8 శాతం, రష్యన్లు 17.3 శాతం. మాతృభాషగా ఉక్రేనియన్ 67.5 శాతమే. ఈ పది శాతం తేడా మీద ఎన్ని వాదాలు నిలబడ్డాయో చెప్పనలవి కాదు. రష్యా అనుకూల పటకర్తలు భాషను పట్టుకున్నారు, కీవ్ వారు జాతిని పట్టుకున్నారు. ట్రాన్స్‌కార్పాతియాలో రూసిన్లుగా నమోదైనవారు సుమారు 10 వేలు. టొరంటోలో ఉక్రేనియన్ అధ్యయనాల పీఠం నుంచే పాల్ రాబర్ట్ మగోచి రూసిన్లను వేరే జాతిగా చూపే పటాలు గీయడం ఉక్రేనియన్ ప్రవాసులకు ఎన్నాళ్ళయినా మింగుడుపడలేదు.

మత పటం అమెరికా నుంచి తిరిగివచ్చింది. శామ్యూల్ హంటింగ్టన్ 1996 పుస్తకంలో పాశ్చాత్య నాగరికత సరిహద్దు గ్రీక్ కాథలిక్ పడమటినీ ఆర్థడాక్స్ తూర్పునూ విడదీస్తూ ఉక్రెయిన్ మధ్యగా పోతుంది. 2004, 2010 ఎన్నికల ఫలితాల పటాలను చూసినవారు ఆ గీత నిజమే అనుకున్నారు. కానీ ఎన్నికల గీత ద్నీపర్ వైపు చాలా తూర్పుగా పడింది. మధ్య ఉక్రెయిన్‌లోని ఆర్థడాక్స్ జిల్లాలు గలీషియాతో కలిసి ఓటేశాయి. పటం రెండు రంగుల్లో ఉండడం ఒక్కటే పోలిక.

జనగణనలో మతం లేకపోవడంతో నేటి మత పటాలు నమోదైన మతసంఘాల సంఖ్య మీద ఆధారపడతాయి. పల్లెపల్లెకూ గుడి ఉన్న గలీషియా ఇందులో దట్టంగా, పెద్ద పారిశ్రామిక నగరాల దొనెత్స్క్ పలచగా కనిపిస్తాయి. యాభై మంది సంఘమూ ఐదు వేల మంది సంఘమూ పటంలో ఒకే చుక్క. 2018 డిసెంబర్ 15న ఆర్థడాక్స్ సంఘాల ఐక్య సభ జరిగి, 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపుల్ నుంచి చర్చి స్వతంత్రతను గుర్తించే పత్రం అందాక, మాస్కో పరిధిలోని సంఘాలు కొత్త ఉక్రెయిన్ ఆర్థడాక్స్ చర్చికి మారుతున్న తీరును ఇంటర్నెట్ పటాల్లో చుక్కచుక్కగా చూపారు. వొలీన్, విన్నిత్సియా వంటి చోట్ల చుక్కలు గుంపులుగా వచ్చాయి, తూర్పున అరుదు. పటం చూసేవారికి అది సైన్యం ముందుకు సాగుతున్నట్టు కనిపించేది. కాగితం మీద మారిన సంఘంలో జనం నిజంగా మారారా, గుడి తాళాల కోసం తగాదా నడుస్తోందా అన్నది చుక్క చెప్పదు. 2024 ఆగస్టులో మాస్కో చర్చితో అనుబంధం ఉన్న మతసంస్థలను నిషేధించే వీలిచ్చే చట్టం వచ్చాక ఆ చుక్కలకు న్యాయస్థానాల్లో కూడా బరువు పెరిగింది.

2023 మేలో రష్యా రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్షుడు 17వ శతాబ్దపు ఫ్రెంచ్ పటం ఒకటి పుతిన్‌కు చూపి, అందులో ఉక్రెయిన్ లేదన్నాడు. ఆ పటం మీదే ద్నీపర్ పక్కన ఉక్రెయిన్ అని రాసి ఉంది. 2024 జనవరి 22న ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఉత్తర్వు రష్యాలో చరిత్రరీత్యా ఉక్రేనియన్లు నివసించిన నేలలను పేర్కొంది: క్రాస్నొదార్, బెల్గొరోద్, బ్ర్యాన్‌స్క్, వొరోనెజ్, కుర్స్క్, రొస్తోవ్. అక్కడి ఉక్రేనియన్ల హక్కుల రక్షణే దాని ఉద్దేశమని, భూమి మీద హక్కు అడగడం కాదని అధికారులు చెప్పారు. జాబితా మాత్రం వెలిచ్కో, రుద్నిత్‌స్కీ పటాల తూర్పు అంచుతో బాగా కలుస్తుంది.

జాతి, భాషల వివరాలతో ఉక్రెయిన్ ప్రభుత్వం దగ్గర ఉన్న తాజా లెక్క 2001 డిసెంబర్ 5 నాటిదే. తర్వాతి జనగణన పలుమార్లు వాయిదా పడింది. 2020 జనవరిలో ప్రకటించిన అంచనా మొబైల్ ఫోన్ల సమాచారం ఆధారంగా జనాభాను 3.73 కోట్లుగా తేల్చింది. అందులో క్రిమియా, దొన్బాస్‌లోని ఆక్రమిత భాగాలు లేవు. ఫోన్ పట్టుకున్నవారి భాష, మతం అది అడగలేదు.